యాత్రకీర్తన నుంచి ప్రసంగవేదికకు: 126వ కీర్తన కవిత్వనిర్మాణం – తిరుపతి ప్రాంత శ్రోత

వ్యాససంగ్రహం:

బైబిలులోని కీర్తనల గ్రంథం ప్రాచీన హీబ్రూ కవిత్వం. తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లో మాత్రం ఇందులోని వచనాలు తరచుగా సందర్భం నుంచి విడివడి వాగ్దానాలుగా, నీతిసూత్రాలుగా వినిపిస్తాయి. కవితను కవితగా చదివినప్పుడు బోధ, ఆరాధన ఎలా మారుతాయో 126వ కీర్తన ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. సమాంతరత, పునరుక్తి, పదచిత్రం అనే హీబ్రూ కవిత్వ లక్షణాలను పల్లవి, మకుటం, ముక్తపదగ్రస్తం వంటి తెలుగు సాహిత్య పరికరాలతో పోల్చి, తిరుచానూరు పక్కగా పారే స్వర్ణముఖి నదిని, రాయలసీమ వర్షాధార సేద్యాన్ని వ్యాఖ్యానానికి ఆధారాలుగా తీసుకోవడం జరిగింది. ఈ కీర్తనలోని పంట మాట రైతుకు ప్రకటించే నియమం కాదని, రైతుతో కలిసి సంఘం చేసే ప్రార్థనలో భాగమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హీబ్రూ కవిత్వం, కీర్తనల గ్రంథం, యాత్రకీర్తనలు, సమాంతరత, సంకీర్తన, పల్లవి, స్వర్ణముఖి, ప్రసంగం, ఆరాధన.

1. ఉపోద్ఘాతం:

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలు ఐదు భాగాలుగా అమరి ఉన్నాయి. హీబ్రూలో ఈ గ్రంథాన్ని ‘తెహిల్లీమ్’ అంటారు. ఆ మాటకు ‘స్తుతులు’ అని అర్థం. అయితే గ్రంథంలో మూడోవంతుకు పైగా కీర్తనలు విలాపాలు, మొరలు. స్తుతి అనే పేరు కింద ఇంత దుఃఖం చేరడం ఆ గ్రంథస్వభావాన్ని తెలుపుతుంది. దేవుని ముందు ఏడ్వడం కూడా స్తుతిలో భాగమేనని ఆ కూర్పరులు భావించారు.

ఈ కీర్తనల్లో 120 నుంచి 134 వరకు ఉన్న 15 కీర్తనలకు ఒకే శీర్షిక ఉంది. తెలుగు బైబిలు వాటిని ‘యాత్రకీర్తనలు’ అంటుంది. హీబ్రూ శీర్షికలోని ‘మఅలోత్’ అనే మాటకు ఎక్కడం, మెట్లు అనే అర్థాలున్నాయి. యెరూషలేముకు పండుగలకు ఎక్కివెళ్లే యాత్రికులు వీటిని పాడుకొనేవారన్నది పండితుల్లో విస్తారంగా ఉన్న అభిప్రాయం. 126వ కీర్తన వాటిలో ఏడోది. కేవలం ఆరు వచనాల చిన్న కవిత.

ఈ కీర్తనలోని అయిదో వచనం తెలుగు సంఘాలకు బాగా పరిచితం. కన్నీటితో విత్తడం, ఆనందంతో కోయడం అనే జంట చిత్రం కోతపండుగ ప్రసంగాల్లోను, కష్టంలో ఉన్నవారికి చెప్పే ఓదార్పులోను తరచుగా వస్తుంది. దాన్ని సాధారణంగా ఒక హామీగా చెబుతారు. ఏడుస్తూ విత్తినవాడు తప్పక నవ్వుతూ కోస్తాడన్నది ఆ హామీ. వర్షాధార ప్రాంతంలో ఈ మాట ఒక చిక్కు తెస్తుంది. కన్నీటితో విత్తి, వాన రాక, ఏమీ కోయలేకపోయిన రైతు కూడా ఆ ఆరాధనలో కూర్చొని ఉంటాడు. పంట హామీ అయితే, పంట రాకపోవడం అతని విశ్వాసలోపమవుతుంది. కీర్తన నిజంగా ఆ మాట అంటున్నదా? ఈ ప్రశ్నకు జవాబు కవితానిర్మాణంలో ఉంది.

2. ప్రాంతీయ నేపథ్యం:

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ప్రొటెస్టెంటు సంఘాలకు రెండు ప్రధాన మూలాలున్నాయి. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను 1860ల మధ్యలో సూళ్లూరుపేట ప్రాంతంలో పని ప్రారంభించి క్రమంగా తిరుపతి వరకు విస్తరించింది. దాని వారసత్వంగా ఏర్పడిన దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి తిరుపతి కేంద్రం. రెండోది అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషను. చిత్తూరు, మదనపల్లె దాని ముఖ్య స్థానాలు. నాడు కడప జిల్లాలో ఉన్న మదనపల్లె కేంద్రంగా పనిచేసిన జాకబ్ చేంబర్లేన్ (1835–1908) 1873 నుంచి తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించారు. రిఫార్మ్‌డ్ చర్చి ఆరాధనక్రమాన్ని తెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు.

లూథరన్ సంప్రదాయంలో కీర్తనల గ్రంథానికి ప్రత్యేక స్థానం ఉంది. మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గ్‌లో 1513–15 మధ్య కీర్తనలపై పాఠాలు చెప్పారు. రెండు దశాబ్దాల తరువాత, 1532–33లో, యాత్రకీర్తనలు పదిహేనింటినీ వరుసగా వ్యాఖ్యానించారు. కాబట్టి ఈ ప్రాంతపు లూథరన్ బోధకుడికి ఈ కీర్తనలు తన సంప్రదాయం నడిబొడ్డున ఉన్న పాఠాలే.

అయితే ఇక్కడి శ్రోత చెవికి మరో పాఠశాల కూడా ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరుని మీద, తిరుచానూరు అలమేలుమంగ మీద పాడిన సంకీర్తనలు ఈ నేల మీదే పుట్టాయి. రాగిరేకుల మీద చెక్కిన ఆ సంకీర్తనలకు రాగాల పేర్లు పైన సూచించి ఉంటాయి. కీర్తనల గ్రంథంలోనూ అనేక కీర్తనల నెత్తిన ప్రధాన గాయకునికి సూచనలు, వాద్యాల పేర్లు, రాగవరుసల పేర్లు కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి పాటలతో రూపుదిద్దుకొన్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ గ్రంథంలోనూ పాటల పైన రాగతాళాలు ఇచ్చారు. దేశకాలాలు వేరైన ఈ మూడు సంప్రదాయాలూ ఒక విషయంలో కలుస్తాయి. మూడింటిలోనూ పాఠం పాడడానికి ఉద్దేశించింది. నిశ్శబ్దంగా చదివి వాక్యాలు ఏరుకోవడానికి ఉద్దేశించింది కాదు.

3. హీబ్రూ కవిత్వ లక్షణాలు – తెలుగు పరికరాలు:

3.1 సమాంతరత:

ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులు రాబర్ట్ లౌత్ 1753లో ప్రకటించిన ఉపన్యాసాల్లో హీబ్రూ కవిత్వానికి ప్రధాన లక్షణం ‘సమాంతరత’ అని వివరించారు. ఒక పాదంలో చెప్పిన భావాన్ని తరువాతి పాదం మరో మాటల్లో అందుకొంటుంది. ఆయన దీన్ని సమానార్థకం, విరుద్ధార్థకం, సంయోజకం అని మూడు రకాలుగా విభజించారు. ఈ విభజన చాలాకాలం పాఠ్యగ్రంథాల్లో నిలిచింది. 1981లో జేమ్స్ కూగెల్, 1985లో రాబర్ట్ ఆల్టర్ దీన్ని సవరించారు. రెండో పాదం మొదటిదాన్ని ఊరికే తిరిగి చెప్పదని, దాన్ని బిగిస్తుందని, ముందుకు జరుపుతుందని వారు చూపారు.

తెలుగు పాఠకుడికి రెండు పాదాల జంట కొత్తది కాదు. ద్విపదలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిసి ఒక పాదం. అటువంటి రెండు పాదాలు ఒక ద్విపద. కాని ఇక్కడ ఒక మౌలిక భేదాన్ని గుర్తించాలి. తెలుగు పద్యంలో పాదాలను యతిప్రాసలు కలుపుతాయి. అది ధ్వనిబంధం. హీబ్రూ పాదాలను ప్రధానంగా కలిపేది భావబంధం. దీనివల్ల ఒక లాభం ఉంది. యతిప్రాసలు అనువాదంలో నిలవవు, సమాంతరత చాలావరకు నిలుస్తుంది. అందుకే హీబ్రూ రాని తెలుగు బోధకుడు కూడా తన బైబిలులోనే ఈ కవిత్వపు ఎముకలగూడును చూడగలడు.

ఈ లక్షణం ప్రసంగంలో ఎందుకు ముఖ్యం? రెండు పాదాలను రెండు వేర్వేరు బోధనాంశాలుగా విడగొట్టడం మనకు అలవాటు. 126వ కీర్తన రెండో వచనంలో నోరు నవ్వుతో నిండడం, నాలుక కేకతో నిండడం రెండు సంఘటనలు కావు. ఒకే అనుభవం మొదట నవ్వుగా మొదలై, మాటకందని కేకగా పెరిగింది. బోధకుడు ఆ పెరుగుదలను వినిపించాలి.

3.2 పల్లవి, మకుటం:

అన్నమాచార్యుల సంకీర్తనలో పల్లవి, సాధారణంగా మూడు చరణాలు ఉంటాయి. ప్రతి చరణం చివర గాయకుడు పల్లవికి తిరిగివస్తాడు. పల్లవి మాటలు మారవు, కాని ప్రతి చరణం తరువాత దాని బరువు మారుతుంది. 42, 43 కీర్తనల్లో మూడుసార్లు వచ్చే ఆత్మసంబోధన సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఈ పునరుక్తి ఆధారంగానే ఆ రెండింటినీ ఒకే కవితగా చాలామంది పండితులు పరిగణిస్తారు. 136వ కీర్తనలోని 26 వచనాలూ ఒకే మాటతో ముగుస్తాయి. శతకమకుటం తెలిసిన తెలుగువాడికి దాని ప్రయోజనాన్ని ప్రత్యేకంగా బోధించనక్కరలేదు.

3.3 ముక్తపదగ్రస్తం:

యాత్రకీర్తనల్లో ప్రత్యేకంగా కనిపించే లక్షణం మెట్టు మెట్టుగా సాగే పునరుక్తి. 121వ కీర్తనలో ‘సహాయం’ అనే మాట మొదటి వచనం చివర, రెండో వచనం మొదట వస్తుంది. కునకడం గురించిన మాట మూడో వచనం నుంచి నాలుగో వచనంలోకి జరుగుతుంది. ఒక పాదం విడిచిన పదాన్ని తరువాతి పాదం అందుకొనే ఈ రీతిని తెలుగు అలంకారశాస్త్రం ముక్తపదగ్రస్తం అంటుంది. మెట్లు ఎక్కేవాడు వెనుక కాలును ముందు కాలు ఉన్న మెట్టు మీదికి తెచ్చినట్లుగా ఈ కవితలు నడుస్తాయి.

తిరుమల కొండకు నడిచి ఎక్కేవారి గోవిందనామాలను విన్న శ్రోతకు, నడకకూ పాటకూ గుంపుకూ ఉన్న సంబంధం తెలుసు. ఒకరు అందిస్తే పదిమంది అందుకొంటారు. 124, 129 కీర్తనల ఆరంభంలో మొదటి మాట చెప్పి, ప్రజలందరూ చెప్పాలని పిలిచి, మళ్లీ అదే మాటతో ఎత్తుకోవడం ఈ పద్ధతికి సాక్ష్యం. ఈ పోలిక పాడే తీరుకు సంబంధించింది. ఎవరిని కొలుస్తున్నారు, ఏ చరిత్రను తలచుకొంటున్నారు అన్న విషయాల్లో ఆ రెండు యాత్రలూ వేర్వేరు. సాటి భక్తుల యాత్రను తక్కువచేయకుండా, తన పాఠపు ప్రత్యేకతను వదులుకోకుండా మాట్లాడడం బోధకుడి బాధ్యత.

4. 126వ కీర్తన – పాఠపరిశీలన:

4.1 నిర్మాణం:

కీర్తన మూడు అడుగుల్లో సాగుతుంది. మొదటి మూడు వచనాలు జ్ఞాపకం: దేవుడు సీయోను స్థితిని మార్చినప్పుడు ప్రజలు కలగన్నవారిలా ఉన్నారు. నాలుగో వచనం ప్రార్థన: మళ్లీ అలా చేయుమని. చివరి రెండు వచనాలు విత్తడం, కోయడం అనే చిత్రం.

జ్ఞాపకంలో ఒక సూక్ష్మమైన మలుపు ఉంది. రెండో వచనంలో అన్యజనులు, దేవుడు వీరికి గొప్ప పనులు చేశాడంటారు. మూడో వచనంలో ప్రజలు అదే వాక్యాన్ని అందుకొని ‘వీరికి’ అన్నచోట ‘మనకు’ అంటారు. పైన చెప్పిన ముక్తపదగ్రస్తం ఇక్కడ వాక్యం పరిమాణంలో పనిచేస్తున్నది. తమ మేలును ముందు ఇతరుల నోట విని, తరువాత తామే నమ్మగలిగిన ప్రజల స్థితి ఇందులో ఉంది.

నాలుగో వచనం కీర్తనకు ఇరుసు. మొదటి వచనంలోని ‘తిరుగు’ అనే అర్థంగల ధాతువే ఇక్కడ మళ్లీ వస్తుంది. జరిగిన మేలుకూ జరగవలసిన మేలుకూ ఒకే మాట. అంటే ఇది కష్టం తీరినవారి పాట మాత్రమే కాదు. ఒకసారి మేలు పొంది, ఇప్పుడు మళ్లీ కొరతలో ఉన్నవారి పాట.

4.2 చెరా, పూర్వస్థితా?

ఈ ధాతువుతో ఏర్పడిన పదబంధాన్ని రెండు విధాలుగా అర్థం చేసుకొన్నారు. ఒకటి, చెరలో ఉన్నవారిని తిరిగి రప్పించడం. తెలుగు బైబిలు ఈ అర్థాన్ని తీసుకొంది. క్రీ.పూ. 587 ప్రాంతంలో యెరూషలేము పతనం, బబులోను చెర, క్రీ.పూ. 538లో పారశీక రాజు కోరెషు అనుమతితో తిరిగిరావడం దీనికి నేపథ్యమవుతాయి. రెండోది, పోయిన స్థితిని తిరిగి ఇవ్వడం. యోబు గ్రంథం 42వ అధ్యాయం పదో వచనంలో యోబు విషయంలో ఇదే జాతి పదబంధం వాడారు. యోబు ఎన్నడూ చెరలో లేడు. కనుక పదబంధానికి విస్తృతార్థం ఉందని స్పష్టం.

బోధకుడు రెండు అర్థాలనూ నిలుపుకోవచ్చు. చెర అనే అర్థం కీర్తనను ఇశ్రాయేలు చరిత్రకు కట్టివేస్తుంది. అది లేకపోతే కీర్తన ఎవరి చరిత్రా కాని సామాన్య సూక్తిగా మిగులుతుంది. స్థితిని మార్చడం అనే అర్థం దాన్ని తరువాతి తరాల నోటికి అందిస్తుంది.

4.3 నెగెబు వాగులు – స్వర్ణముఖి:

నాలుగో వచనంలోని ఉపమానం నెగెబులోని ప్రవాహాలు. నెగెబు యూదయకు దక్షిణాన ఉన్న ఎండు ప్రాంతం. ఆ పేరుకు మూలమైన ధాతువుకు ‘ఎండు’ అనే అర్థం ఉంది. తెలుగు అనువాదంలో ఈ స్థలనామం దక్షిణదేశాన్ని సూచించే మాటగా మారింది. దిక్కు తెలిసింది, ఎండ పోయింది. తిరుపతిలో కూర్చొని దక్షిణదేశమంటే తమిళనాడు వైపు పచ్చని పొలాలు గుర్తుకురావచ్చు. ఉపమానం పనిచేయాలంటే ముందు ఆ ఎండను తిరిగి తేవాలి.

ఇందుకు తిరుచానూరు శ్రోత దూరం వెళ్లనక్కరలేదు. చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుక, ముళ్లచెట్లు మాత్రమే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడినప్పుడు ఎక్కడో కొండల్లో కురిసిన నీరు ఇక్కడ ప్రవాహమై వస్తుంది. నెగెబు వాగుల తీరూ ఇదే. నీరు అక్కడివారు తవ్వి తెచ్చింది కాదు, కాల్వ కట్టి మళ్లించింది కాదు. ఎండిన మార్గం మాత్రం నీటికోసం ముందే ఉంది.

ఈ పోలికకు హద్దు కూడా ఉంది. 2021 నవంబరు వరదల్లో స్వర్ణముఖి పొంగి తిరుపతి పరిసరాల్లో ఇళ్లను దెబ్బతీసింది. ఒడ్డున ఇల్లు పోగొట్టుకొన్నవారి ముందు అకస్మాత్తుగా వచ్చే నీటిని ఉత్త ఆనందచిత్రంగా చెప్పడం తగదు. హీబ్రూ కవులకూ వాగుల మీద అమాయకమైన నమ్మకం లేదు. యోబు ఆరో అధ్యాయంలో, అవసరానికి ఎండిపోయి ప్రయాణికులను మోసగించే వాగులకు ఇదే పదం వాడారు. కీర్తనకారుడు నీటిని నమ్మడం లేదు, నీటిని పంపగలవాడిని అడుగుతున్నాడు.

4.4 విత్తేవాడి కన్నీరు:

అయిదో వచనం నుంచి చిత్రం మారుతుంది. వాగు ఒక్కరాత్రిలో వస్తుంది. పంటకు నెలలు పడుతుంది. వాగుకు మనిషి శ్రమ లేదు. పంటకు శ్రమ తప్పదు. కీర్తన ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపింది. దేవుని మేలు వరదలా రావచ్చు, పైరులా రావచ్చు. ఒకదాన్ని మాత్రమే పట్టుకొంటే బోధ ఒరిగిపోతుంది. వాగును మాత్రమే బోధిస్తే శ్రమకు విలువ ఉండదు. పంటను మాత్రమే బోధిస్తే కృపకు చోటుండదు.

విత్తేవాడు ఎందుకు ఏడుస్తున్నాడు? పంటదేవత మరణానికి సంబంధించిన ప్రాచీన పశ్చిమాసియా విలాపాచారాల ఛాయ ఇక్కడ ఉందని కొందరు పండితులు ఊహించారు. రాయలసీమ రైతుకు ఇంతకన్నా దగ్గరి కారణం తోస్తుంది. ఇక్కడి వర్షాధార భూముల్లో వేరుశనగ ప్రధాన పంట. దాని విత్తనం తినే గింజే. కరువు ఏడాదిలో విత్తనకాయలు దాచడమంటే ఇంట్లో ఆకలిని చూస్తూ ఆహారాన్ని మట్టిలో వేయడం. 1876–78 మధ్య మద్రాసు రాజధానిని పీడించిన మహాకరువు రాయలసీమను తీవ్రంగా దెబ్బతీసింది. అటువంటి చరిత్ర ఉన్న నేలలో విత్తేవాడి కన్నీటికి వివరణ అక్కరలేదు.

ఆరో వచనం హీబ్రూలో క్రియలను జంటగా వాడుతుంది. వెళ్లడం అనే క్రియ రెండుసార్లు, రావడం అనే క్రియ రెండుసార్లు. ఇది హీబ్రూ వ్యాకరణంలో ఒత్తి చెప్పే పద్ధతి. వెళుతూ వెళుతూ, ఏడుస్తూ ఏడుస్తూ అనే ఆమ్రేడితం సహజంగా ఉన్న తెలుగుకు ఈ నడక తేలికగా అందుతుంది. పాఠాన్ని చదివేవాడు ఇక్కడ వేగం తగ్గించాలి. అడుగు బరువుగా పడుతున్నది.

ఇదే వచనం చివర ఇంకొక చిన్న విషయం ఉంది. హీబ్రూలో పనలకు ‘అతని’ అనే స్వామ్యార్థక ప్రత్యయం చేరి ఉంది. విత్తినవాడే తన పనలు మోసుకొని వస్తాడు. ఈ ప్రాంతపు సంఘాల్లో తరతరాలుగా ఇతరుల పొలాల్లో విత్తి, ఇతరుల కళ్లాలకు పనలు మోసిన కూలి కుటుంబాలు అనేకం. వారికి ఈ ప్రత్యయం వ్యాకరణవిశేషం మాత్రమే కాదు. ఒకరు నాటగా మరొకరు తినని కాలాన్ని గురించి యెషయా గ్రంథం 65వ అధ్యాయం చెప్పే ఆశ ఇక్కడ ఒక్క ప్రత్యయంలో ఇమిడి ఉంది.

4.5 హామీయా, ప్రార్థనా?

అయిదో వచనంలోని ‘కోయు’ అనే క్రియారూపం హీబ్రూలో రెండు విధాలుగా చదవవచ్చు. ‘కోస్తారు’ అనవచ్చు, ‘కోయుదురు గాక’ అనీ అనవచ్చు. ఆధునిక అనువాదాలు కొన్ని రెండో అర్థాన్ని తీసుకొన్నాయి. వ్యాకరణం రెండింటికీ తావిస్తున్నప్పుడు కవితాక్రమాన్ని చూడాలి. ముందున్న నాలుగో వచనం స్పష్టమైన ప్రార్థన. ఆ ప్రార్థన నోటిలో ఉండగానే విత్తేవారి చిత్రం వచ్చింది. కాబట్టి అయిదో వచనాన్ని హామీగా చదివినా, అది ప్రార్థన ఒడిలో పుట్టిన హామీ. నాలుగో వచనం నుంచి తెంపి చెబితే అది ఇతరుల మీద మోపే నియమమవుతుంది. కలిపి చెబితే ఏడ్చేవాడి పక్కన నిలబడి దేవుణ్ని అడిగే మాటవుతుంది.

‘రిన్నా’ అనే పదం ఈ అర్థాన్ని బలపరుస్తుంది. రెండు, అయిదు, ఆరు వచనాల్లో ఆనందపు కేకకు ఈ పదమే వచ్చింది. 17, 61 కీర్తనల ఆరంభంలో ఇదే పదం మొరకు వాడారు. మొరపెట్టే గొంతూ, ఆనందించే గొంతూ హీబ్రూలో ఒకే మాటను పంచుకొన్నాయి. పంట దగ్గర వినిపించే కేక పొలానికి వెళ్లేటప్పటి ఏడుపును మరచిన గొంతు కాదు.

5. ప్రసంగానికి సూచనలు:

పై పరిశీలన ప్రసంగనిర్మాణాన్ని మారుస్తుంది. ఒక వచనాన్ని తీసుకొని మూడు పాఠాలు చెప్పే పద్ధతికి బదులు, కీర్తన నడిచిన క్రమంలోనే ప్రసంగం నడవవచ్చు. మొదట జ్ఞాపకం: సంఘం పొందిన మేలు ఏమిటి, దాన్ని ఇతరులు ఎలా గుర్తించారు? తరువాత ప్రస్తుత కొరత: వాగు ఎందుకు ఎండింది? ఆపైన ప్రార్థన. చివరికి పొలం. ఈ క్రమంలో శ్రోత ఏ స్థితిలో ఉన్నా అతనికి నిలబడే చోటు దొరుకుతుంది.

కీర్తనను క్రీస్తుకు అన్వయించే విషయంలో తొందర పనికిరాదు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో భూమిలో పడి చచ్చే గోధుమగింజ మాట, 16వ అధ్యాయంలో దుఃఖం సంతోషంగా మారే మాట 126వ కీర్తనతో సహజంగా కలుస్తాయి. కాని చెర నుంచి తిరిగివచ్చిన ప్రజల గొంతును ముందు విననిచ్చి, ఆ తరువాతే సువార్తకు రావాలి. యూదులు నేటికీ విశ్రాంతిదినాల్లో, పండుగల్లో భోజనానంతర ప్రార్థనకు ముందు ఈ కీర్తన పాడతారు. అది ఇంకా జీవించి ఉన్న మరో సమాజపు పాట అన్న స్పృహ క్రైస్తవ బోధకుడికి వినయాన్ని నేర్పుతుంది.

విలాపం తెలుగు భక్తికి పరాయిదని కొందరు భావించవచ్చు. సాహిత్యచరిత్ర దీన్ని సమర్థించదు. చెరసాలలో రామదాసు రామునితో పెట్టుకొన్న తగవు, శ్రీకాళహస్తీశ్వరునితో ధూర్జటి చేసిన నిష్ఠురపు సంభాషణ, నిందాస్తుతి అనే ప్రక్రియ తెలుగువారికి సుపరిచితాలు. దేవునితో చనువుగా, కోపంగా, ఏడుస్తూ మాట్లాడే భాష మన దగ్గర ఉంది. చీకటిలోనే ముగిసే 88వ కీర్తనను, ఎంతకాలమని నాలుగుసార్లు అడిగే 13వ కీర్తనను ప్రసంగవేదికకు తేవడానికి ఆ భాష సాయపడుతుంది.

6. ఆరాధనలో వినియోగం – పల్లవి ఎంపిక:

అనేక సంఘాలు అనుసరించే రివైజ్డ్ కామన్ లెక్షనరీలో, మూడేళ్ల చక్రంలోని రెండో సంవత్సరంలో, ఆగమనకాలపు మూడో ఆదివారానికి 126వ కీర్తన నియమించి ఉంది. అది డిసెంబరు నెల. ఈశాన్య రుతుపవనాల ముగింపు కాలం. స్వర్ణముఖిలో నీరు పారిందో లేదో అందరికీ తెలిసిన సమయం. ఐరోపా చలికాలంలో రూపొందిన ఆగమనకాల భావనకు ఇక్కడ ఒక స్థానిక అర్థం దొరుకుతుంది.

ఈ కీర్తనను తెలుగు కీర్తనరూపంలో పాడాలంటే ఒక నిర్ణయం తప్పదు. దేన్ని పల్లవి చేయాలి? మూడో వచనాన్ని పల్లవి చేస్తే అది కృతజ్ఞతాగీతం. అయిదో వచనాన్ని చేస్తే వాగ్దానగీతం. నాలుగో వచనాన్ని చేస్తే ప్రతి చరణం తరువాతా సంఘం ప్రార్థనకు తిరిగివస్తుంది. నవ్వును తలచుకొన్న తరువాత అడుగుతుంది. విత్తేవాడి కన్నీటిని చూసిన తరువాత అడుగుతుంది. పనల చిత్రం చూసిన తరువాత కూడా అడుగుతుంది. కవితలో ఇరుసుగా ఉన్న వచనం పాటలోనూ ఇరుసవుతుంది. పల్లవిని ఎన్నుకోవడమే వ్యాఖ్యానం. ఈ నిర్ణయం సాధారణంగా పాట కట్టేవారికే వదిలేయడం జరుగుతుంది. సంఘకాపరి, పాటకులు కలిసి తీసుకోవలసిన నిర్ణయమిది.

పాఠాన్ని చదివే పద్ధతిలోనూ చిన్న మార్పు చేయవచ్చు. రెండో వచనంలో అన్యజనుల మాటను ఒకరు చదవగా, మూడో వచనంలోని జవాబును సంఘమంతా చదివితే ‘వీరికి’ అన్నది ‘మనకు’గా మారిన మలుపు చెవికి తెలుస్తుంది.

7. ముగింపు:

• హీబ్రూ కవిత్వంలో పాదాలను ప్రధానంగా కలిపేది భావబంధం కనుక, దాని నిర్మాణం తెలుగు అనువాదంలో చాలావరకు నిలిచి ఉంది. పల్లవి, మకుటం, ముక్తపదగ్రస్తం తెలిసిన తెలుగు పాఠకుడు దాన్ని గుర్తించగలడు.

• 126వ కీర్తనకు నాలుగో వచనంలోని ప్రార్థన ఇరుసు. విత్తనం, పంట గురించిన మాటలను ఆ ప్రార్థన నుంచి విడదీయకూడదు.

• నెగెబు వాగు, విత్తేవాడి పొలం అనే రెండు చిత్రాలూ కలిసి కృపను, శ్రమను ఒకచోట నిలుపుతాయి. స్వర్ణముఖి, వర్షాధార సేద్యం ఈ చిత్రాలను స్థానిక శ్రోతకు దగ్గర చేస్తాయి. వరద మిగిల్చిన నష్టం ఆ పోలిక హద్దును చూపుతుంది.

• ‘తన పనలు’ అనే హీబ్రూ స్వామ్యార్థం భూమిలేని శ్రోతలకు న్యాయాన్ని గురించిన ఆశగా వినిపించవలసి ఉంది.

• ఆరాధనలో పల్లవి ఎంపిక కీర్తన అర్థాన్ని నిర్ణయిస్తుంది.

పంట చేతికి రాని రైతు ఆరాధనలో కూర్చొని ఈ కీర్తన విన్నప్పుడు, తన విశ్వాసాన్ని కొలిచే తూకంగా అది వినిపించకూడదు. అతని కోసం, అతనితో కలిసి సంఘమంతా అడుగుతున్న మాటగా వినిపించాలి. ఆ కవిత అమరిక బోధకుడి నుంచి కోరేది ఇదే.